తొలిచదువు : అక్షరమా? పదమా?

శిశువునకుఁ జదువు చెప్పునపుడు అక్షరములను ముందుగా నేర్పి, వానిని గూర్చి పదములను జదివింపవలయునా? లేక పదమును మొత్తముగాఁ జూపి గుర్తింపఁజేసి, పిదప నందలి యక్షరములను విడఁదీసి చూపవలయునా? ఇది పాశ్చాత్యదేశములందు రెండుమూఁడు శతాబ్దములుగా వాదగ్రస్తమైన విషయము. మన బడులలోఁ గూడ నీ వాదము వినఁబడుచునే యున్నది. ఇందు నుభయపక్షములవారును దఱచుగాఁ బిలుచు సాక్షి మేధావియైన శిశువు. "మా పిల్లవాఁడు గుణింతము రాకయే యంగడులమీఁది పేరులు చదివినాఁడు" అని యొకరందురు. "మా బాలిక యక్షరములు వచ్చిన పక్షము దినములకే కథలు చదివినది" అని యింకొక రందురు. ఈ సాక్ష్యమున కెంత విలువ గలదో తెలుఁగుదేశపుఁ దొలిచదువు చరిత్రము నాధారముగాఁ గొని, నెల్లూరి తీరమునకుఁ జెందిన నిదర్శనములతో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

ఓనమాలు

మన పూర్వపద్ధతి కేవలాక్షరపద్ధతి యని సామాన్యముగాఁ దలఁతురు. అది సగమే నిజము. అక్షరాభ్యాసమునాఁడు శిశువు మొట్టమొదట వ్రాయునది అకారము కాదు. పళ్లెరములోని బియ్యముమీఁద, వ్రేలు పట్టి, గురువు వ్రాయించునది "ఓం నమః శివాయ సిద్ధం నమః" అను వాక్యము. ఇందుఁ బ్రణవము గలదు, విసర్గములు గలవు, నిండుసున్న గలదు, ద్ధకారమను సంయుక్తాక్షరమును గలదు. క్రమముగా నేర్చువానికి ఇవి యన్నియుఁ గొన్ని నెలల పిమ్మట రావలసినవి. శిశువు వీని భాగముల నెఱుఁగఁడు. గురువు పలికినదానిని మొత్తముగాఁ బలుకును, ఆయన వ్రాసినదానిని మొత్తముగా దిద్దును. అటుపిమ్మటనే అ, ఆ, ఇ, ఈ. వర్ణమాలకే "ఓనమాలు" అను పేరు వచ్చుటకుఁ గారణ మిదియే. కావున నేఁడు పదపద్ధతి యని చెప్పఁబడుచున్న దానికి మొదటి మెట్టు మన యక్షరాభ్యాసమునందే కలదు.

అయినను మనవారు ఆ మెట్టుమీఁద నిలిచిపోలేదు. కాతంత్రవ్యాకరణపు మొదటి సూత్రమే వర్ణసమామ్నాయము సిద్ధమని చెప్పుచున్నది. క్రీ. శ. 7వ శతాబ్దియందు మన దేశమునకు వచ్చిన చీనాయాత్రికుఁడు ఈత్సింగు, ఈ దేశపు బాలురు ఆఱవయేట "సిద్ధ" మను తొలిపుస్తకము నారంభింతురనియు, అందు నలువదితొమ్మిది యక్షరములు గలవనియు, వాని కూర్పులచేఁ బదివేలకుఁ బైఁబడిన యక్షరరూపము లేర్పడుననియు, ఆఱు నెలలలో దానిని ముగింతురనియు వ్రాసియున్నాఁడు. ఆ కూర్పులే మన గుణింతములు, ఒత్తులు. మొదట నొక మంగళవాక్యము, పిమ్మట వర్ణముల పట్టిక, అటుపిమ్మట వాని సంయోగములు: ఈ క్రమము తెలుఁగునాఁటఁ దరతరములుగా నడచినది.

వీధిబడి

1822వ సంవత్సరమునఁ జెన్నపురి గవర్నరు సర్ తామస్ మన్రో, జిల్లాలలో నెన్ని బడులు గలవో, ఎందఱు చదువుచున్నారో తెలిసి పంపుఁడని కలెక్టరుల కాజ్ఞాపించెను. వచ్చిన లెక్కలనుబట్టి 1826 మార్చి 10వ తేదీన నాతఁడు వ్రాసిన మినిటులో రాజధానియంతటికిని 12,498 బడులును, 1,88,650 మంది విద్యార్థులును గానవచ్చుచున్నారు. అందు నెల్లూరుజిల్లాకు వచ్చినవి 697 బడులు, 7,621 మంది విద్యార్థులు. అనఁగా సగటున నొక్కొక బడికిఁ బదునొకండుగురు. ఈ సంఖ్యను మనము గుర్తుంచుకొనవలయును. పదునొకండుగురు శిష్యులు గల గురువు ప్రతిబాలుని చేతివ్రాఁతను దన కన్నులతోఁ జూడఁగలఁడు.

సంఖ్యలు నెల్లూరివి కలవు గాని, బడిలోఁ జదువు జరిగిన తీరును విపులముగా వర్ణించినవాఁడు బళ్లారి కలెక్టరు కాంబెలు. ఇతఁడు 1816లోఁ దెలుఁగువ్యాకరణము నింగ్లీషున రచించి ప్రకటించినవాఁడగుటచే భాషాతత్త్వ మెఱిఁగి చూచెను. 1823 ఆగస్టు 17వ తేదీ నాతఁడు పంపిన నివేదికలో బళ్లారిజిల్లాయందలి 533 బడులలోఁ దెలుఁగుబడులు 226 అని కలదు. అయిదవయేట విఘ్నేశ్వరపూజతో నారంభము. బియ్యముమీఁద వ్రేలితో వ్రాఁత. పిమ్మట బడిలో నిసుకపై నక్షరములు. అటుపిమ్మటఁ దాటాకుపై గంటముతోనో, కాగితముపైఁ గలముతోనో, కడితముపై బలపముతోనో వ్రాఁత. ఉదయమున ముందుగా వచ్చిన బాలుని యఱచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న చుట్టుదురు. మూఁడవవానికి మెల్లగా నొక దెబ్బ. ఆ పై వచ్చినవారి కొక్కొక దెబ్బ యెక్కువ.

ఈ వర్ణనలో మన విచారమునకు ముఖ్యమైనవి రెండు గలవు. మొదటిది, ఆ బడులలోఁ జదువును వ్రాఁతయు వేఱు గావు. బాలుఁ డక్షరమును గన్నులతోఁ జూచుచు, నోటఁ బలుకుచు, వ్రేలితో దిద్దుచు నొక్కమాఱే నేర్చుకొనుచుండెను. ఈ తీరమున నిసుకకుఁ గొదువ లేదు, తాటాకునకును గొదువ లేదు. వెల యిచ్చి కొనవలసిన పరికర మొక్కటియు లేకయే చదువు సాగెను. రెండవది, ముందు నేర్చినవాఁడు వెనుకవానికి నేర్పుట. తీక్ష్ణబుద్ధి గల బాలుఁడు దన పాఠము ముగిసినదని కూరుచుండఁడు. చిన్నవాని వ్రేలు పట్టి దిద్దించును. అట్లు నేర్పుటవలనఁ దన చదువును గట్టిపడును. కాంబె లీ పద్ధతిని మెచ్చుకొని, ఇంగ్లండు దీని ననుకరించుట తగినదే యని వ్రాసెను. ఆ యనుకరణమునకు మూలపురుషుఁడు ఆండ్రూ బెల్. చెన్నపురి యెగ్మూరు అనాథబాలుర శాలకు 1789లో నధికారియైన యీతఁడు, దేశీయపుబడిలోఁ బిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఎనిమిదేండ్ల ప్రాయపు జాన్ ఫ్రిస్కె నను బాలునిచేఁ జిన్నవారికి అక్షరములు చెప్పించి, ఆ వృత్తాంతమును 1797లో నచ్చు వేయించెను. మేధావియైన బాలునిఁ బొగడి విడిచిపెట్టక, వాని మేధను బదిమందికి వినియోగించినది మన వీధిబడి.

ఇంత మెచ్చిన కాంబెలే ఘోరమైన లోపము నొకదానిని జూపినాఁడు. బాలురు చదువు గ్రంథముల భాష వారు మాటలాడు భాష గాదు. వేలకొలఁది పద్యములు నోటికి వచ్చును. వాని యర్థమునందు మాత్రము వారు చిలుకలకంటె మిన్నలు గారు. పాఠము చెప్పువానికే యర్థము తెలియని చోటులును గలవు. అక్షరజ్ఞానము పరిపూర్ణము, అర్థజ్ఞానము శూన్యము. ఇదియే యానాఁటి విద్యాఫలము.

ఓగూరి వెన్నెలకంటివారు

కాంబెలు పరదేశీయుఁడు గనుక మన చదువు మర్మ మెఱుఁగఁడని యెవరైన ననవచ్చును. ఆ మాట కవకాశము లేకుండ, కాంబెలుకంటె మూఁడేండ్లు ముందుగా నీ లోపమునే చెప్పిన తెలుఁగువాఁ డీ తీరమునందే కలఁడు. వెన్నెలకంటి సుబ్బారావు 1784లోఁ గందుకూరు చేరువనున్న ఓగూరునఁ బుట్టెను. కందుకూరుసీమ చిరకాలము నెల్లూరుజిల్లాలో నుండి, 1970లో నేర్పడి తరువాత ప్రకాశముజిల్లా యనఁబడిన ఒంగోలుజిల్లాలోఁ జేరి, 2022లో మరల నెల్లూరుజిల్లాకే వచ్చినది. ఇంగ్లీషుబడులు పల్లెలకు రాని కాలమునఁ బుట్టిన సుబ్బారావు స్వయంకృషిచేఁ దెలుఁగు, కన్నడము, మరాఠీ, తమిళము, పారసీకము, హిందూస్థానీ, ఇంగ్లీషు భాషలను సాధించి, 1815 మొదలు 1829 వఱకుఁ జెన్నపురి సదరుకోర్టున భాషాంతరీకరణోద్యోగము చేసెను. 1839లోఁ బరలోకగతుఁడయ్యెను. ఆతఁ డింగ్లీషున వ్రాసికొన్న స్వీయచరిత్రమును గుమారుఁడు 1873లోఁ జెన్నపురియం దచ్చు వేయించెను. తెలుఁగువారిలో నాత్మకథ వ్రాసినవారికి నీతఁడే మొదటివాఁడని పలువు రందురు.

1820లో నీతఁడు చెన్నపురి పాఠ్యపుస్తకసంఘమునకు సభ్యుఁడై, దేశీయపుబడుల స్థితినిగూర్చి యొక నివేదిక సమర్పించెను. బాలు రర్థ మెఱుఁగని గ్రంథములను వల్లించుచు నేండ్లు గడపుచున్నారనియు, వారికి సులభమైన వ్యాకరణమును, నీతికథలును గావలయుననియు దాని సారము. ఇందు నే ననుభవించు విశేష మొకటి గలదు. సుబ్బారావు సామాన్యుఁడు గాఁడు. ఏడు భాషలను వశపఱచుకొన్న మేధావి. ఆనాఁటి చదువులో నుండియే పైకి వచ్చినవాఁడు. "నాకు వచ్చినది గదా, అందఱకు నేల రాదు?" అని యాతఁ డనవచ్చును. అట్లనలేదు. తనకుఁ గలిగిన సిద్ధిని బద్ధతికి సాక్ష్యముగాఁ జేయక, తనతోడి బాలురలో నెందఱకు నర్థము తెలిసినదని యడిగెను. విద్యావిచారమున నిట్టి నిష్పాక్షికత యరుదు.

అటుపిమ్మట నచ్చుపుస్తకములు వచ్చినవి. పుదూరు సీతారామశాస్త్రుల బాలశిక్ష 1832లో వెలువడి, కాలక్రమమునఁ బెద్దబాలశిక్షగాఁ బెరిగినది. అందు నక్షరములు, గుణింతములు, ఒత్తులు, రెండక్షరముల మాటలు, మూఁడక్షరముల మాటలు, ఆ పై వాక్యములు, నీతులు వరుసగా నున్నవి. 1853లోఁ జిన్నయసూరి నీతిచంద్రిక వెలువడెను. కోరినవారు గోరినట్లే నీతికథలును, వ్యాకరణములును వచ్చినవి. కాని బడులలో వల్లెవేఁత మానలేదు. పద్యము పోయి గద్యము వచ్చినంతనే యర్థము తనంతఁ దాను రాదు.

పాశ్చాత్యుల వాదము

ఇఁకఁ బాశ్చాత్యుల వాద మెక్కడఁ బుట్టినదో చూడవలయును. ఇంగ్లీషున నక్షరముల పేరులు వేఱు, వాని ధ్వనులు వేఱు. సీ, ఏ, టీ యని పలికి "క్యాట్" అని చదువవలయును. పేరులను గూర్చిన నెన్నఁటికిని బదము రాదు. జర్మనీదేశపు ఇకెల్‌సామరు 1527లోనే పేరులను విడిచి ధ్వనులనే నేర్పవలయునని వ్రాసెను. కొమేనియసు 1658లో వెలువరించిన బొమ్మలపుస్తకమునఁ బ్రతిబొమ్మకుఁ దగిన పదము నుంచెను. ఆ పుస్తకపు మొదటనే కాకికూఁత, గొఱ్ఱెపిల్ల యఱపు మొదలగువానితో నక్షరధ్వనులనుఁ గూడఁ జెప్పెను. అనఁగా నాతనికి రెండు పద్ధతులకును వైరము లేదు. వైరము పిమ్మట వచ్చినది. అమెరికాలో హోరేసు మాన్ 1843నాఁటి నివేదికలో నక్షరములతో నారంభించుటను నిరసింపఁగా, 1844లో బోస్టను ఉపాధ్యాయులు ముప్పదియొకండుగురు గూడి ప్రత్యుత్తర మిచ్చిరి. 20వ శతాబ్దిలోఁ బదపద్ధతి యచ్చటి బడులలో వ్యాపించినది. 1955లో రుడాల్ఫు ఫ్లెషు దానిని ఖండించి గ్రంథము వ్రాసెను. 1967లో జీన్ చాల్ అను విదుషి యనేకపరిశోధనములను బరిశీలించి, ఆరంభకులకు ధ్వన్యక్షరసంబంధమును గ్రమముగా నేర్పుటయే మేలని తేల్చెను. 2000లో వెలువడిన అమెరికా జాతీయపఠనసమితి నివేదికయు నిట్లే నిర్ణయించెను.

ఈ వాదమును మన బడులకు యథాతథముగాఁ దెచ్చుట తగదు. మనకు అక్షరము పేరే దాని ధ్వని. "క" యనిన ననఁగా కయే. "ల" కలిపిన "కల" యగును. కావున నక్షరములను గూర్చి చదువుట యింగ్లీషునకంటె మనకు సులభము. కాని మన కష్టము మఱియొక చోటఁ గలదు. అక్షరరూపములు వందలకొలఁదిగాఁ గలవు. తలకట్టు పోయి గుడి వచ్చుట, గుడి దీర్ఘ మగుట, కొమ్ము, ఏత్వము, ఒత్వము. ఆ పై నొత్తులు. త, న, మ, య, ర, ల యను నాఱింటి యొత్తులకును మూలరూపములతోఁ బోలిక లేదు. ప, ష, స లకును, ద, ధ, థ లకును భేదము స్వల్పము. సోనాలీ నాగ్ అను పరిశోధకురాలు 2007లోఁ బ్రకటించిన పరిశీలనము ప్రకారము, మన లిపికి సోదరియైన కన్నడలిపిలో నక్షరసంపద పూర్తిగాఁ జేకూరుట నాలుగవ తరగతివఱకు సాగుచునే యున్నది. ఈత్సింగు చెప్పిన ఆఱు నెలలు మన శిశువులందఱకుఁ జాలవు. గుణింతమును దాఁటవేసి పదములను మాత్రమే చూపిన బడి, ఈ భారమును దీర్పక దాఁచినదగును.

వైయాకరణదృష్టి

పదపద్ధతివారు చెప్పు ముఖ్యహేతువు, శిశువు మాటలను మొత్తముగా నేర్చును గనుకఁ జదువును నట్లే నేర్పవలయు ననునది. మన శాస్త్రములలో దీనికి సమీపమైన విచారము గలదు. పెద్దవాఁడు "గామానయ" యనఁగా నింకొకఁ డావును దెచ్చును. "అశ్వమానయ" యనఁగా గుఱ్ఱమును దెచ్చును. దగ్గఱనున్న బాలుఁడు మొదట వాక్యము మొత్తమునకు మొత్తపు టర్థమునే గ్రహించును. పిమ్మట నొక పదము పోయి యింకొక పదము వచ్చుటను జూచి, ఆవాపోద్వాపములచే "గాం" అను దాని యర్థమును, "ఆనయ" అను దాని యర్థమును వేఱుచేయును. వాక్యమే యఖండమని, పదములును వర్ణములును విభజించి చెప్పఁబడినవని భర్తృహరి వాక్యపదీయమున నిరూపించెను. వర్ణములే శబ్దమని మీమాంసకులు వాదించిరి. మాటలను నేర్చు విషయమున మొత్తమునుండి భాగములకుఁ బోవుట సత్యమే.

కాని లిపి విషయము వేఱు. భాష లేని మానవజాతి లేదు. లిపి లేని జాతు లనేకములు గలవు. భాష వృద్ధవ్యవహారమువలన వచ్చును. లిపి మనుష్యకృతమైన సంకేతము. సంకేత ముపదేశము నపేక్షించును. ఉపదేశము లేకయే దానిని గ్రహింపవలయు నన్న శిశువు తానే శాస్త్రకారుఁడు గావలయును. ప్రకృతిప్రత్యయముల యర్థము లెట్లు వేఱుపడునని మహాభాష్యమున శంక రాఁగా, అన్వయవ్యతిరేకములచే నని సమాధానము చెప్పఁబడినది. "వృక్షః" "వృక్షౌ" అను రెంటను నిలిచినదేది, మాఱినదేది యని చూచి, నిలిచిన శబ్దమునకు నిలిచిన యర్థమును, మాఱినదానికి మాఱిన యర్థమును జెప్పుట యా న్యాయము. మేధావియైన శిశువు చేయు పని యిదియే. "పలక, పిలక, పులక" యను మూఁడు మాటలను జూచి, చివరి రెండక్షరములును నిలిచినవనియు, మొదటిదానికిఁ బైనను బ్రక్కను వచ్చిన గుర్తులే ధ్వనిని మార్చినవనియు నెవరును జెప్పకయే పట్టుకొనును. పట్టుకొన్న సంగతి వాఁడు చెప్పలేఁడు, చూచువారికిఁ గానరాదు. కావున "మావాఁడు గుణింతము నేర్వలేదు, పదములనే చూచి చదివినాఁడు" అని తలిదండ్రు లందురు. వాఁడు గుణింతమును నేర్వకపోలేదు, తానే కనుఁగొన్నాఁడు.

ఈ విషయమునఁ బాశ్చాత్యపరిశోధనములును దోడ్పడుచున్నవి. టెర్మను 1925లోఁ బ్రకటించిన మేధావిబాలుర వృత్తాంతమునఁ జాలమంది, ఇంచుమించు సగము మంది, బడికిఁ బోకమునుపే చదువ నేర్చినవారు. డొలోరెసు డర్కిన్ అను విదుషి 1958లో ఓక్లండు నగరమున నొకటవ తరగతిలోఁ జేరిన 5,103 మందిని బరిశీలింపఁగా 49 మంది యంతకుముందే చదువ నేర్చియుండిరి. 1966లో వెలువడిన యామె గ్రంథమునుబట్టి వీరందఱు నసాధారణమేధావులు గారు. బుద్ధిపరీక్షలో సామాన్యులైన వారును గలరు. వారిలోఁ బెక్కండ్రకు సమానమైనది వ్రాఁతయందలి యాసక్తి. ముందు గీఁతలు గీయుట, పిమ్మట నక్షరములను జూచి వ్రాయుట, "ఈ మాట యెట్లు వ్రాయుదురు?" అని యడుగుట, ఇంటిలో నక్కయో యన్నయో బడియాట యాడుచుఁ జెప్పుట, అడిగినదానికిఁ బెద్ద లోపికతో బదులు చెప్పుట. వీనివలన వారికిఁ జదువు వచ్చినది. ఇసుకలో వ్రేలు, ప్రక్కన దిద్దించు పెద్దబాలుఁడు, పదునొకండుగురికి నొక గురువు: ఆ వీధిబడి లక్షణములే యిందుఁ గనఁబడుచున్నవి గదా!

దీనిచేఁ దేలినది యేమనఁగా, మేధావియైన శిశువు పద్ధతులకు సాక్షి గాఁడు. వాఁ డే పద్ధతిలో నుంచినను లోపించినదానిని దానే పూరించుకొనును. అక్షరములే చెప్పిన నర్థమును వెదకికొనును. పదములే చూపిన నక్షరములను విడఁదీసికొనును. వానిని జూచి యేర్పఱచిన పాఠక్రమము ప్రక్కనున్న పదిమందికిఁ జేటు దెచ్చును. పద్ధతికిఁ దగిన సాక్షి, చెప్పినది మాత్రమే నేర్చుకొను సామాన్యబాలుఁడు.

మేధావికిని నందువలన నపాయము లేకపోలేదు. ఆకారమునుబట్టి చదువ నలవడినవాఁడు "పుష్కరము" ను "పుస్తకము" అని చదివి ముందునకుఁ బోవును. వాని వేగమును మెచ్చుకొను పెద్దలు దానిని గమనింపరు. మఱియొకఁడు భాగవతపద్యము నేడవయేటఁ దడుముకొనక చదువును. అర్థ మడిగినఁ దెల్లబోవును. మొదటివానికిఁ దెలియని మాట నిచ్చి చదివింపవలయును. రెండవవానికిఁ దెలిసిన మాటలతో నర్థము చెప్పింపవలయును. ఈ రెండు పరీక్షలును లేక "వీఁడు మేధావి, వీనికి నేర్పనక్కఱలేదు" అని విడిచిపెట్టుట వానిపట్ల నపచారము.

అక్షరదీపము

అర్థముతోఁ గూడిన చదువు చేయఁగల పని యెట్టిదో యీ జిల్లాయే లోకమునకుఁ జూపినది. 1991వ సంవత్సరప్రాంతమున నెల్లూరుజిల్లాలో "అక్షరదీపము" అను వయోజనవిద్యోద్యమము నడచెను. ఆ వాచకములోని "సీతమ్మ కథ" యను పాఠము, సారాయివలనఁ జెడిన యొక కుటుంబపుఁ గథ. దూబగుంట మొదలగు గ్రామముల స్త్రీలు దానిని జదివి, అది తమ కథయే యని గుర్తించి, సారాయి దుకాణములను మూయించుటకుఁ బూనుకొనిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపింపఁగా 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారాయి నిషేధింపఁబడెను. ఆ స్త్రీలు శిశువులు గారు. వారికి శీఘ్రపఠనముచేఁ బొగడ్తలు రాలేదు. కూడఁబలుకుకొనుచు మెల్లమెల్లగాఁ జదివిరి. కాని చదివినది తెలిసినది. 1820లో సుబ్బారావు బడులలో వెదకి కానక పోయినది యీ తెలియుటయే.

కావునఁ దొలిచదువు చెప్పు పండితులకు నా మనవి యిది. ఓనమాలవలె, శిశువు నోటనున్న మాట నొకదానిని మొత్తముగాఁ జూపి యారంభింపుఁడు, దోషము లేదు. కాని గుణింతమును, ఒత్తులను దాఁటవేయకుఁడు. వానిని గ్రమముగాఁ జెప్పుట గురువు పని గాని శిశువు పని గాదు. చదివించిన ప్రతిమాటను వ్రాయింపుఁడు. ప్రతిపాఠమునందును దెలియని మాట నొకటి చదివించియుఁ, దెలిసిన మాట యర్థము నొకటి చెప్పించియుఁ జూడుఁడు. ముందు నడచు బాలునిచే వెనుకవాని వ్రేలు పట్టింపుఁడు. అక్షరము ద్వారము, పదము గృహము. ద్వారమునొద్దనే నిలిచినవాఁడును, ద్వారము తెలియక గోడ దూఁకినవాఁడును గృహస్థులు గారు.